చీకట్లో దాచిన దరువు

వీడియో మొదలవగానే తెరంతా నలుపు. ఆ నలుపులోంచి ఒక మగమనిషి ముఖం మెల్లగా తేలుతుంది. నవ్వదు, ఏడవదు. మన కళ్ళలోకే చూస్తూ పాడుతుంది. కాసేపటికి ఓ ఖాళీ గది వస్తుంది. ఆ తర్వాత ఓ నడవా, దాని వెంట తలుపులు. అంతకుమించి కథ లేదు. నాట్యం చేసేవాళ్ళు లేరు, బ్యాండు లేదు, కేకలు వేసే జనం లేరు.

పాడుతున్న మనిషి ఫిల్ కాలిన్స్. పాట ‘ఇన్ ది ఎయిర్ టునైట్’. 1981 జనవరిలో విడుదలైంది. వీడియో తీసిన దర్శకుడు స్టువర్ట్ ఓర్మ్. ఈ పాట పేరెత్తితే చాలు, తెలిసినవాళ్ళు రెండు చేతులూ గాల్లోకి లేపి, లేని డ్రమ్ముల మీద దబదబా బాదేస్తారు. రాక్ సంగీతంలో ఇంత పేరు మోసిన డ్రమ్స్ వాయింపు మరొకటి లేదనే అంటాను. వాయించింది కూడా ఆ పాడుతున్న మనిషే. గాయకుడు కాకముందు ఆయన డ్రమ్మరే. అయినా ఈ వీడియోలో డ్రమ్ము కనబడదు. పుల్ల కనబడదు. కొట్టే చెయ్యి కనబడదు.

ఈ పాట గురించి చెప్పుకోవాల్సిన అసలు సంగతి నా దృష్టిలో ఇదే. ఇది దాచడం మీద నిలబడిన పాట. దరువును పాటలో మూడున్నర నిమిషాలకు పైగా దాచారు. వీడియోలో పూర్తిగా దాచారు. కోపానికి కారణాన్ని మాటల్లో దాచారు. ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా లోకం ఆ దాచినదాన్ని బయటికి లాగాలని చూస్తూనే ఉంది. అందుకోసం కథలల్లింది. సినిమాల్లో, సీరియళ్ళలో పెట్టింది. చివరికి గొరిల్లాను తెచ్చి డ్రమ్ముల ముందు కూర్చోబెట్టింది.

ఖాళీ ఇల్లు, ఒక రిథమ్ పెట్టె

కాలిన్స్ 1951 జనవరి 30న లండన్ నైరుతి వైపున్న పట్నీలో పుట్టారు. చిన్నతనం నుంచే డ్రమ్ముల పిచ్చి. బాలనటుడిగా ‘ఆలివర్!’ సంగీత నాటకంలో జేబుదొంగ కుర్రాడి వేషం కట్టారు. 1970లో ‘జెనిసిస్’ బ్యాండులో డ్రమ్మర్‌గా చేరారు. ఆ బ్యాండు గాయకుడు పీటర్ గాబ్రియెల్ 1975లో బయటికి వెళ్ళిపోయాడు. కొత్త గాయకుడి కోసం ఎంతోమందిని పాడించి చూసి, ఎవరూ కుదరక, చివరికి వెనక డ్రమ్ముల దగ్గర కూర్చున్న మనిషినే ముందుకు తెచ్చి మైకు చేతికిచ్చారు.

1979 నాటికి బ్యాండు బాగానే ఉంది, ఇల్లే బాగాలేదు. ఏడాదిలో సగానికి పైగా ఊళ్ళు పట్టుకు తిరిగే బతుకులో కాపురం చెడింది. భార్య పిల్లలతో కెనడాలోని వాంకూవర్ వెళ్ళారు. కాలిన్స్ అక్కడికి వెళ్ళి, కలిసి ఉండడానికి ప్రయత్నించి, కుదరక తిరిగొచ్చారు. వచ్చేసరికి బ్యాండు మిత్రులు టోనీ బ్యాంక్స్, మైక్ రూథర్‌ఫర్డ్ తమ తమ సొంత ఆల్బమ్‌ల పనిలో స్టాక్‌హోమ్‌లో ఉన్నారు. చేతినిండా సమయం, చుట్టూ నిశ్శబ్దం. సర్రే ప్రాంతంలో గిల్‌ఫోర్డ్ పక్కన షాల్‌ఫోర్డ్ అనే ఊళ్ళో పాతకాలపు ఇల్లు ఆయనది. ఆ ఇంట్లోనే ఓ గదిని చిన్న స్టూడియోగా మార్చుకున్నారు. ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం, ప్రాఫెట్-5 సింథసైజర్, పియానో, రోలాండ్ కంపెనీవాళ్ళ సీఆర్-78 రిథమ్ పెట్టె. ఉన్నవల్లా అవే.

సీఆర్-78 అంటే 1978లో వచ్చిన యంత్రం. నాట్యాల పేర్లతో కొన్ని తాళాలు దానిలో ముందే అమర్చి ఉంటాయి, మీట నొక్కితే మోగుతాయి. డ్రమ్మర్ లేనివాళ్ళ కోసం తయారైన వస్తువు. ఇంగ్లండ్‌లోనే పేరున్న డ్రమ్మర్ ఒకడు ఇంట్లో ఒంటరిగా కూర్చుని, తన చేతులు కట్టేసుకుని, ఆ పెట్టె మీట నొక్కాడు. టిక్కుటిక్కుమంటూ అది నడుస్తుంటే సింథసైజర్ మీద డి మైనర్‌లో కొన్ని స్వరసమూహాలు పట్టుకున్నాడు. మాటలు రాసుకోలేదు. మైకు ముందు నోటికొచ్చినవి పాడేశాననీ, దాదాపు అన్నీ అలాగే ఉండిపోయాయనీ ఎన్నోసార్లు చెప్పారు. పాట దేని గురించని అడిగితే ఆయన జవాబు మారలేదు: ఇదమిత్థంగా నాకే తెలియదు, విడాకుల నాటి కోపం మాత్రం అందులో ఉంది, అంతే.

అది తప్పించుకునే జవాబు అని నాకెప్పుడూ అనిపించలేదు. నిజంగా కోపంలో ఉన్నవాడు కారణాలు వరస పెట్టి చెప్పలేడు. తడుముకుంటాడు. ఒకే మాట చుట్టూ తిరుగుతాడు. ఈ పాట చేసేది అదే.

వేలాడే మైకు చేసిన మాయ

ఇప్పుడు డ్రమ్ముల దగ్గరికి వద్దాం. ఆ మోత ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఈ పాట కంటే ముందు, మరొకరి పాటకు వెళ్ళాలి.

లండన్ షెపర్డ్స్ బుష్ దగ్గర గోల్డ్‌హాక్ రోడ్డులో టౌన్‌హౌస్ అనే స్టూడియో ఉండేది. రిచర్డ్ బ్రాన్సన్ వర్జిన్ కంపెనీ 1978లో తెరిచింది. దానిలో ఒక గదికి గోడలకు రాయి పరిచి ఉంది. మామూలుగా ఆ రోజుల్లో డ్రమ్స్ రికార్డు చేసే గదులకు చుట్టూ మెత్తని గుడ్డలూ పరుపులూ కట్టేవాళ్ళు, ప్రతిధ్వని రాకుండా. డెబ్బయ్యవ దశకపు రికార్డులు వింటే డ్రమ్స్ అట్టపెట్టె మీద కొట్టినట్టు పొడిగా ఉండడానికి కారణం అదే. ఇక్కడ దానికి పూర్తిగా వ్యతిరేకం. రాతి గదిలో కొడితే చప్పుడు గోడగోడకీ తగిలి తిరిగొస్తుంది.

1979లో గాబ్రియెల్ తన మూడో సొంత ఆల్బమ్ రికార్డింగు అక్కడ చేస్తున్నాడు. నిర్మాత స్టీవ్ లిల్లీవైట్, ఇంజినీరు హ్యూ ప్యాడ్గమ్. డ్రమ్స్ వాయించడానికి పాత మిత్రుడు కాలిన్స్ వచ్చారు. గాబ్రియెల్ ఓ షరతు పెట్టాడు: ఈ ఆల్బమ్‌లో తాళాలు, అంటే కంచు సింబల్స్, ఉండకూడదు. డ్రమ్మర్లకు అది పెద్ద శిక్షే. కుడిచేయీ ఎడమచేయీ అలవాటుగా వెళ్ళి తగిలే చోటు ఖాళీగా ఉంటుంది. అయితే ఆ షరతే తర్వాత జరిగినదానికి దారి చేసింది.

స్టూడియోలో కొత్తగా వచ్చిన ఎస్ఎస్ఎల్ మిక్సింగ్ బల్ల ఉంది. వాయించే గదిలో కళాకారులు మాట్లాడేది ఇవతల అద్దం వెనకున్న ఇంజినీరుకు వినపడడానికి పైకప్పు నుంచి ఓ మైకు వేలాడదీసి, ఈ బల్లకు కలిపారు. ఎవరు ఏ మూల నుంచి గొణిగినా వినపడాలి కాబట్టి ఆ మైకు దారిలో బలమైన కంప్రెసర్ పెట్టారు. చిన్న శబ్దాన్ని పైకి లాగి, పెద్ద శబ్దాన్ని కిందికి తొక్కి, అన్నిటినీ ఒకే ఎత్తుకు తెచ్చే పరికరం అది. మాటల కోసం పెట్టిన మైకు. సంగీతం రికార్డు చేయడానికి కాదు.

కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తుండగా ప్యాడ్గమ్ ఆ మైకు మీట వేశాడు. ఇవతల స్పీకర్లలోంచి అప్పటిదాకా ఎవరూ వినని మోత వచ్చింది. దెబ్బ పడగానే గది మొత్తం ఉబ్బి మీద పడుతోంది. ఆ బల్లలో ఆ మైకు శబ్దాన్ని టేపు మీదికి పంపే దారే లేదు. రాత్రికి రాత్రి తీగలు మార్పించారు. దానికి నాయిస్ గేటు అనే మరో పరికరం తగిలించారు. శబ్దం ఒక స్థాయి కంటే తగ్గగానే అది దారి మూసేస్తుంది. ఫలితం ఎలా ఉంటుందంటే, గుడిగంట ఖంగుమన్న మరుక్షణం ఎవరో రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకున్నట్టు. పెద్ద మోత, వెంటనే నిశ్శబ్దం. కంచు తాళాల మోత ఉంటే గేటు తెరుచుకునే ఉండేది, ఈ పద్ధతి పారేది కాదు. గాబ్రియెల్ షరతు పనికొచ్చింది అక్కడే.

గాబ్రియెల్ ఆ మోత వదలొద్దన్నాడు. దాని మీదే ‘ఇంట్రూడర్’ అనే పాట కట్టాడు. 1980లో వచ్చిన ఆల్బమ్‌లో మొదటి పాట అది. చీకట్లో ఇంట్లోకి చొరబడే మనిషి గొంతుతో సాగే పాటకు ఆ డ్రమ్స్ భయంకరంగా కుదిరాయి. ఈ పద్ధతికి గేటెడ్ రివర్బ్ అని పేరు పడింది. కొన్నేళ్ళకే స్టూడియో యంత్రాల్లో ఒక మీట నొక్కితే వచ్చే తయారు సరుకైంది. ఎనభయ్యవ దశకపు పాటల్లో సగానికి సగం అదే మోతతో మునిగిపోయాయి. అన్ని పాటల్లోనూ మొదటి క్షణం నుంచి చివరిదాకా వాడేసరికి దాని విలువే పోయింది. దాన్ని ఎప్పుడు వాడాలో, అంతకంటే ముఖ్యంగా ఎంతసేపు వాడకుండా ఆగాలో తెలిసిన పాట ఒక్కటే అనిపిస్తుంది నాకు.

మూడు నిమిషాల నలభై సెకన్లు

కాలిన్స్ తన మొదటి సొంత ఆల్బమ్ ‘ఫేస్ వాల్యూ’ కోసం ప్యాడ్గమ్‌నే పిలిచారు. ఇంట్లో చేసుకున్న ఎనిమిది ట్రాకుల టేపును పారేయలేదు. దాన్నే పెద్ద టేపు మీదికి ఎక్కించి, రిథమ్ పెట్టె, సింథసైజర్ అలాగే ఉంచి, దాని మీద మిగతావి చేర్చారు. ఇది మంచి నిర్ణయం. ఆ ఖాళీ ఇంటి గాలి పాటలో మిగిలింది.

వినండి. ముందు రిథమ్ పెట్టె టిక్కుటిక్కు. దాని మీద మబ్బులా సింథసైజర్. డారిల్ స్టర్మర్ గిటారు ఎక్కడో దూరంగా మూలుగుతుంది. జాన్ గిబ్లిన్ బాస్ కనిపించీ కనిపించకుండా తిరుగుతుంది. గొంతు మొదట దాదాపు తనలో తాను చెప్పుకున్నట్టు ఉంటుంది. రెండో చరణానికి అదే గొంతు కొంచెం గట్టిపడుతుంది. ఒకచోట వోకోడర్ అనే పరికరంలోంచి పంపడంతో మనిషి గొంతో యంత్రం గొంతో తేలదు. నిమిషం గడుస్తుంది. రెండు గడుస్తాయి. మన చెవి డ్రమ్స్ కోసం ఎదురుచూస్తుంది. సినిమా పాటల్లో పల్లవికి ముందే దరువు అందుకునే అలవాటున్న మనకు ఇది మరీ కష్టం. మూడు నిమిషాలు దాటినా రావు. ఇక ఈ పాట ఇలాగే అయిపోతుందేమో అనుకునే చోట, దాదాపు 3 నిమిషాల 40వ సెకను దగ్గర, కింది పొర తీసేసిన టామ్ డ్రమ్ముల మీద మూడు సెకన్లు కూడా పట్టని ఆ వరస పడుతుంది.

అది కష్టమైన వాయింపు కాదు. నేర్చుకునే కుర్రాడు మొదటి నెలలో వాయించగలడు. కాలిన్స్ జెనిసిస్‌లో వాయించిన లెక్కల దరువులతో పోలిస్తే పిల్లల పని. అయినా ఆ పది దెబ్బలకు ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే అవి పడేసరికి మనం మూడున్నర నిమిషాలు ఒక మనిషి కోపం అణుచుకోవడం విని ఉన్నాం. ఆ దెబ్బల బలంలో సగం రాతి గదిది, సగం మన ఎదురుచూపుది.

అట్లాంటిక్ రికార్డ్స్ అధిపతి అహ్మెట్ ఎర్టెగున్ ఈ పాట విని, డ్రమ్స్ ఎక్కడని అడిగాడట. చివర్లో వస్తాయని కాలిన్స్ చెప్పారు. ఆ సంగతి నీకూ నాకూ తెలుసు, రేడియోలో వినే పిల్లలకు ఎలా తెలుస్తుందని ఎర్టెగున్ వాదన. వ్యాపారిగా ఆయన చెప్పింది తప్పేమీ కాదు. అందుకే సింగిల్‌గా విడుదలైన రూపంలో ముందు భాగానికీ డ్రమ్స్ చేర్చారు. ఆల్బమ్‌లో మాత్రం కాలిన్స్ మొదట అనుకున్నట్టే ఉంచారు. నలభై ఏళ్ళ తర్వాత జనం వింటున్నది, గుర్తుపెట్టుకున్నది ఆల్బమ్ రూపాన్నే. ఎదురుచూడడం జనానికి రాదన్న లెక్క తప్పింది.

మద్రాసు వయొలిన్

ఈ పాట కళాకారుల జాబితాలో మనవాళ్ళు చాలామంది గమనించని పేరు ఒకటుంది: ఎల్.శంకర్. వయొలిన్. 1950లో మద్రాసులో పుట్టిన కర్ణాటక సంగీత విద్వాంసుడు. తండ్రి వి.లక్ష్మీనారాయణ వయొలిన్ గురువు. అన్నలు ఎల్.సుబ్రమణ్యం, ఎల్.వైద్యనాథన్. వైద్యనాథన్ అంటే వెంటనే తట్టకపోవచ్చు, దూరదర్శన్ ‘మాల్గుడి డేస్’ సంగీతం అంటే ఆ కాలంవాళ్ళకు చెవిలో మోగుతుంది. శంకర్ డెబ్బయ్యవ దశకంలో జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్రమ్‌లతో కలిసి ‘శక్తి’ బృందంలో వాయించాడు. ‘ఫేస్ వాల్యూ’లో కాలిన్స్ ఆయన్ను పిలిపించుకున్నారు.

‘ఇన్ ది ఎయిర్ టునైట్’లో ఆ వయొలిన్ విడిగా తలెత్తదు. సింథసైజర్ పొరల్లో కలిసిపోయి నేపథ్యాన్ని చిక్కబరుస్తుంది. త్యాగయ్య తెలుగు కీర్తనలు ప్రాణంగా ఉన్న సంప్రదాయంలో చేయి తిరిగిన విద్వాంసుడు, ఇంగ్లండ్‌లో ఓ డ్రమ్మర్ కోపానికి శ్రుతి పట్టాడు. అదీ కనబడకుండానే. ఈ పాటలో దాగినవాటిలో ఇదొకటి, మనకు దగ్గరిది.

లోకం కల్పించిన కథ

బ్రిటన్‌లో పాట 2వ స్థానం దాకా వెళ్ళింది. అంతకు కొన్ని వారాల ముందే, 1980 డిసెంబరు 8న, న్యూయార్క్‌లో జాన్ లెనన్ హత్య జరిగింది. చార్టు పైమెట్టు లెనన్ పాటలదే. అమెరికాలో ఈ పాట 19వ స్థానానికి చేరింది. ఫిబ్రవరిలో వచ్చిన ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఆ ఆల్బమ్ అట్ట మీద కూడా ఉన్నది ముఖమే, అంచులు కూడా కనబడనంత దగ్గరగా.

అదే ఏడాది ఆగస్టు 1న అమెరికాలో ఎమ్‌టీవీ మొదలైంది. తొలి రోజు వేసిన వీడియోల్లో ఇదొకటి. అప్పటికి వీడియోలంటే ఎక్కువగా బ్యాండు వేదిక మీద వాయిస్తున్నట్టు నటించడమే. వాటి మధ్య ఈ చీకటి ముఖం విడ్డూరంగా అనిపించి ఉంటుంది. మన దగ్గరికి ఎమ్‌టీవీ 1991లో స్టార్ టీవీతో పాటు వచ్చింది. డిష్ పెట్టిన కేబుల్ ఆపరేటర్ల పుణ్యమా అని తెలుగు పట్టణాల్లో కొందరు పదేళ్ళ నాటి పాటలను అప్పుడే కొత్తగా చూశారు.

పాట చుట్టూ పుకారు పుట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పాటలో నీట మునగడం ప్రస్తావన వస్తుంది, సాయం చేయననే కసి వినిపిస్తుంది. అంతే, కథ తయారైంది: ఎవరో నీళ్ళలో మునిగిపోతుంటే ఒకడు చూస్తూ ఊరుకున్నాడట. కాలిన్స్ అది కళ్ళారా చూశారట. తర్వాత ఆ మనిషిని వెతికి పట్టుకుని, తన కచేరీకి ముందు వరస టికెట్టు పంపి, దీపం అతని మీదికి తిప్పించి ఈ పాట పాడారట. అవమానంతో అతను ప్రాణం తీసుకున్నాడట. ఊరికొక రకంగా, నోటికొక రకంగా ఈ కథ తిరిగింది. 2000 సంవత్సరంలో ఎమినెమ్ ‘స్టాన్’ పాటలోకి కూడా ఎక్కింది. కాలిన్స్ ఎన్నిసార్లు కాదన్నా పోలేదు.

పుకారు అబద్ధమని చెప్పి వదిలేయడం సులువు. కానీ అది ఎందుకు పుట్టిందో ఆలోచించాలి. అంత కోపానికి అంత చిన్న కారణం, అంటే మామూలు కాపురం మామూలుగా విరగడం, సరిపోదని జనానికి అనిపించింది. చావు ఉంటే తప్ప ఆ డ్రమ్స్‌కు న్యాయం జరగదనుకున్నారు. నాకు మాత్రం ఆ కథ పాటను చిన్నది చేస్తుంది. ఒక నేరం, ఒక నేరస్థుడు, ఒక శిక్ష వచ్చి చేరితే అది పోలీసు కథ అవుతుంది. కారణం చెప్పలేని కోపం రోజూ ఎందరి ఇళ్ళలో ఉంటుందో! ఆ కోపాన్ని పేరు పెట్టకుండా పట్టుకున్న పాట ఇది. అదే దాని గొప్పతనం.

రాత్రి కారు, ఫోన్ బూత్

దాచినదాన్ని దాచినట్టే ఉంచి ఈ పాటను వాడుకున్నవాళ్ళలో నాకు మొదట గుర్తొచ్చేది ‘మయామీ వైస్’ సీరియల్. 1984 సెప్టెంబరు 16న ఎన్‌బీసీలో వచ్చిన మొదటి భాగం. నిర్మాత మైకేల్ మాన్, దర్శకుడు థామస్ కార్టర్. ఇద్దరు పోలీసులు రాత్రివేళ నల్లకారులో శత్రువును పట్టుకోవడానికి వెళ్తుంటారు. మాటల్లేవు. తడిసిన రోడ్డు మీద దీపాల మెరుపు, తుపాకీలో తూటాలు నింపడం, నేపథ్యంలో ఈ పాట. దారిలో ఒకడు కారాపి ఫోన్ బూత్‌లోకి వెళ్ళి, విడిపోయిన భార్యకు ఫోన్ చేస్తాడు. మన మధ్య ఉన్నది నిజమేనా అని అడుగుతాడు. నిజమేనంటుంది. కారెక్కి మళ్ళీ బయల్దేరతాడు.

టీవీ సీరియల్‌లో పాటను నేపథ్యానికి కాసింత వినిపించి ఆపేసే రోజుల్లో, పాటనే కథ చెప్పనిచ్చిన ఘట్టం అది. పాట పుట్టుకలో ఉన్న విడాకులు అక్కడ తెలిసో తెలియకో మళ్ళీ ప్రత్యక్షమయ్యాయి. దానికి ఏడాది ముందే టామ్ క్రూజ్ సినిమా ‘రిస్కీ బిజినెస్’లో రైలు ఘట్టానికి ఇదే పాట వాడారు. అదీ రాత్రే.

1985 జులై 13న లైవ్ ఎయిడ్ కచేరీ. ఇథియోపియా కరవు బాధితుల కోసం లండన్ వెంబ్లీలో, అమెరికా ఫిలడెల్ఫియాలో ఒకేరోజు జరిగింది. కాలిన్స్ వెంబ్లీలో పాడి, కాంకార్డ్ విమానమెక్కి అట్లాంటిక్ దాటి, ఫిలడెల్ఫియాలో మళ్ళీ పాడారు. రెండుచోట్లా ఈ పాట ఉంది. రెండుచోట్లా పియానో ముందు ఒక్కరే కూర్చున్నారు. డ్రమ్స్ లేవు! కోట్లమంది చూస్తున్న వేదిక మీద, అందరూ ఎదురుచూసే ఆ వరసే లేకుండా పాడారు. అయినా పాట నిలబడింది. దరువుతో నడిచే పాట అని దీనికి పేరు. దరువు తీసేసినా నిలబడడం చూస్తే, దాన్ని నడిపేది దరువు రాబోతోందన్న ఎరుకే అని తెలుస్తుంది.

గొరిల్లా

2007 ఆగస్టు 31న బ్రిటన్ టీవీలో క్యాడ్‌బరీ డెయిరీ మిల్క్ ప్రకటన వచ్చింది. నిడివి 90 సెకన్లు. హువాన్ కాబ్రల్ తీశాడు. తెర మీద గొరిల్లా ముఖం, దగ్గరగా. కళ్ళు మూసుకుని ముక్కుపుటాలు ఎగరేస్తూ ఊపిరి పీలుస్తుంటుంది. వెనక కాలిన్స్ పాట. మెడ అటూ ఇటూ తిప్పుతుంది. కెమెరా వెనక్కి జరిగితే తెలుస్తుంది, అది డ్రమ్స్ ముందు కూర్చుందని. సరిగ్గా ఆ చోట పుల్లలు లేచి దెబ్బలు పడతాయి. చివరి క్షణాల దాకా చాక్లెట్ కనబడదు, చాక్లెట్ గురించి ఎవరూ ఒక్క మాట అనరు.

జనం వెర్రెత్తిపోయారు. 26 ఏళ్ళ నాటి పాట బ్రిటన్ చార్టులోకి తిరిగొచ్చి 14వ స్థానానికి చేరింది. 2008లో కాన్ ప్రకటనల ఉత్సవంలో ఆ ప్రకటనకు గ్రాండ్ ప్రీ దక్కింది. ఎందుకంత నచ్చిందో నాకు తోచిన కారణం ఇది: 1981 వీడియో మనకు బాకీ పడినది ఆ ప్రకటన తీర్చింది. ముఖాన్ని చూపించి ఎదురుచూపుల్లో పెట్టడం వరకు రెండిటిదీ ఒకటే పద్ధతి. ఓర్మ్ వీడియో ఆ ముఖం దగ్గరే ఆగిపోతుంది. కాబ్రల్ కెమెరా వెనక్కి వెళ్ళి, ఇదిగో డ్రమ్స్ అని చూపిస్తుంది. ఆనందమే, కాదనను. కానీ చూపించాక అది ఆటైపోయింది. చీకటి పోయింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పాత వీడియో ఎంత నిగ్రహంతో తీశారో తెలుస్తుంది.

2020 వేసవిలో అమెరికా ఇండియానా రాష్ట్రానికి చెందిన ఇరవై రెండేళ్ళ కవల సోదరులు ఈ పాటను జీవితంలో మొదటిసారి వింటూ తమ స్పందనను వీడియో తీసి పెట్టారు. డ్రమ్స్ పడగానే ఇద్దరూ ఉలిక్కిపడి, నోళ్ళు తెరిచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడు నిమిషాల తర్వాత ఎవరైనా డ్రమ్స్ మొదలుపెట్టడం ఎప్పుడూ చూడలేదని అబ్బురపడ్డారు. లక్షలమంది అది చూశారు, పాట మళ్ళీ అమ్మకాల జాబితాల్లో పైకొచ్చింది. ఆ ఇద్దరు కుర్రాళ్ళకు గాబ్రియెల్ షరతు తెలియదు, రాతి గది తెలియదు, మునిగినవాడి పుకారు తెలియదు. అయినా వాళ్ళు విన్నది 1981లో విన్నవాళ్ళు విన్నదే.

పుల్లలు పట్టలేని చేతులు

2007లో జెనిసిస్ మళ్ళీ కలిసి చేసిన పర్యటనలో కాలిన్స్ మెడ వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. ఏళ్ళ తరబడి డ్రమ్స్ ముందు వంగి కూర్చున్న ఫలితం కూడా అందులో ఉంది. 2009లో శస్త్రచికిత్స జరిగింది. నరాలు దెబ్బతిని చేతివేళ్ళలో పట్టు పోయింది. అప్పటి నుంచి ఆయన డ్రమ్స్ మామూలుగా వాయించలేకపోయారు. 2017లో మళ్ళీ వేదిక ఎక్కినప్పుడు చేతికర్రతో నడిచొచ్చి కుర్చీలో కూర్చుని పాడారు. వెనక డ్రమ్స్ దగ్గర ఉన్నది పదహారేళ్ళ కొడుకు నిక్. ఆ వరస వచ్చే చోట వేలాది జనం చేతులు గాల్లోకి లేస్తే, కొట్టింది కొడుకు. తండ్రి ముందుకు తిరిగి మైకు పట్టుకుని ఉన్నారు.

2022 మార్చి 26న లండన్ ఓటూ వేదికలో జెనిసిస్ చివరి కచేరీ జరిగింది. అక్కడా డ్రమ్స్ నిక్‌వే.

ఇంతవరకూ ఈ పాట వినని పాఠకులు ఉంటే ఒక్క మాట. ఆల్బమ్‌లో ఉన్న అయిదున్నర నిమిషాల రూపాన్నే వెతుక్కోండి, సింగిల్‌ను కాదు. ఫోన్ స్పీకరు చాలదు, చెవులకు మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. రాత్రి అయితే మరీ మంచిది. పాట మొదలయ్యాక ఏమీ జరగడం లేదనిపిస్తుంది. దయచేసి వేలితో ముందుకు జరపకండి.